మొక్కకు రాయితీ, చెట్టుకు రేంజ్ ఆఫీసు

మా మామయ్య కొత్త ఇంటి తలుపులకు టేకు చెక్క డిపోలో కొన్నాడు. అందులో వింతేముంది అంటారా? ఆయన పొలం గట్ల మీద సొంత టేకు చెట్లు ముప్పై ఒకటి ఉన్నాయి.

పాత కృష్ణా జిల్లా, ఖమ్మం సరిహద్దు పల్లె వాళ్లది. 1990ల్లో నర్సరీ నుంచి తెచ్చిన టేకు స్టంపులు అవి. వేలెడు మందం, జానెడు పొడవు, ఆకూ కొమ్మా లేకుండా ఎండుపుల్లల్లా ఉండేవి. గడ్డపారతో కన్నం పెట్టి గుచ్చితే తొలకరి పడ్డాక చిగురించాయి. పాతికేళ్లకు పైగా కాచాడు. ఇంటి పని మొదలయ్యాక వడ్రంగి వచ్చి, రొమ్ము ఎత్తున నూలుదారం చుట్టి కొలిచి, నాలుగు చెట్లు చాలన్నాడు. గొడ్డళ్లు దిగే రోజున పక్క పొలం ఆయన వచ్చి, "పర్మిషన్ తీసుకున్నావా?" అని అడిగాడు. మామయ్య నవ్వాడు. ఆయన నవ్వలేదు.

సొంత టేకు నరకాలన్నా అటవీ శాఖ రేంజ్ ఆఫీసు అనుమతి కావాలట. పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ నకలు, పొలం పటం, దరఖాస్తు. తర్వాత ఎవరో వచ్చి చెట్లు లెక్కపెట్టి చుట్టుకొలతలు రాసుకోవాలి. అనుమతి వచ్చాకే కోత. కోశాక దుంగలు కొలిచి, వాటి మీద సుత్తి ముద్ర వేసి, రవాణా పర్మిట్ ఇస్తారు. పర్మిట్‌లో బండి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ తేదీ లోపు, అన్నీ ఉంటాయి. విడివిడిగా చూస్తే ఒక్కో మెట్టుకూ ఒక కారణం ఉంది. అన్నీ కలిపి ఎక్కాలంటే మాత్రం నెలలు పట్టేలా ఉంది. వడ్రంగికి అంత ఓపిక లేదు, ఇంకో ఇంటి పనికి వెళ్లిపోయాడు. చివరికి మామయ్య డిపోలో చెక్క కొన్నాడు. ఆ మరుసటి ఏడు ఒక వ్యాపారి వచ్చి "కాగితాలు నేను చూసుకుంటా" అని పది చెట్లను నిలబడి ఉండగానే బేరం చేసుకుపోయాడు. డిపోలో తాను చెక్కకు పెట్టిన రేటుతో పోలిస్తే ఆ బేరంలో చేతికొచ్చింది ఎంతో చెప్పమంటే, మామయ్య ఇప్పటికీ మాట మార్చేస్తాడు.

పొలంలో చెట్లు పెంచడాన్ని, అంటే కాగితాల మీద అగ్రోఫారెస్ట్రీ అని పిలిచే దాన్ని ప్రోత్సహించే ప్రభుత్వ పథకాల గురించి రాయమంటే నాకు ముందు ఆ తలుపులే గుర్తొస్తాయి. మన పథకాలన్నీ మొక్క నాటే రోజున చేయందిస్తాయి. రైతు మాత్రం చెట్టు పెట్టాలా వద్దా అన్నది నరికే రోజును తలచుకుని తేల్చుకుంటాడు. ఈ రెంటి మధ్య దూరాన్ని తగ్గించిన విధానాలు పనిచేశాయి. తగ్గించనివి ఫొటోలుగా మిగిలాయి.

దొంగ దుంగ, దొర దుంగ

ప్రభుత్వం ఒక చేత్తో మొక్క ఇస్తూ మరో చేత్తో గొడ్డలి ఎందుకు పట్టుకుంటుంది? దీనికి జవాబు 1927 నాటి భారత అటవీ చట్టంలో ఉంది. కలప ప్రధానంగా అడవిదే, అడవి సర్కారుదే అన్న కాలంలో రాసిన చట్టం అది. ఫలానా కలప ప్రభుత్వానిదా కాదా అన్న వివాదం వస్తే, కాదని రుజువయ్యేదాకా అది ప్రభుత్వానిదే అని ఆ చట్టం అనుకుంటుంది. రవాణా మీద నియమాలు పెట్టే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. మన దగ్గర 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1970 నాటి రవాణా నియమాలు ఆ దారిలోనే వచ్చాయి. ఆ పైన 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. అందరూ వాల్టా అంటారు. ఊళ్లో ఇది బోరుబావుల చట్టంగానే ప్రసిద్ధి. పేరులో చివర ఉన్న 'చెట్లు' సంగతి చాలామందికి నరికిన తర్వాతే తెలుస్తుంది.

అటవీ శాఖ వైపు నుంచి చూస్తే ఆ జాగ్రత్త అర్థంలేనిదేమీ కాదు. గట్టు మీద పెరిగిన టేకుకూ నల్లమలలో దొంగతనంగా నరికిన టేకుకూ లారీ ఎక్కాక తేడా కనిపించదు. దుంగకు నోరు లేదు. అందుకే కాగితం మాట్లాడాలంటారు. 1996 డిసెంబరులో, అడవుల రక్షణ మీద సాగిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వులు వచ్చాక కోత మిల్లుల మీద, కలప పరిశ్రమల మీద గట్టి నియంత్రణ మొదలైంది. అడవిని కాపాడటానికి అది అవసరమే. అయితే మిల్లుల లైసెన్సులు బిగిస్తే కొనేవాళ్లు తగ్గుతారు. కొనేవాళ్లు తగ్గితే గట్టు మీది చెట్టుకు ధర పడుతుంది. దొంగను పట్టడానికి వేసిన వలలో దొర కూడా పడ్డాడు.

ఈ లెక్క ఎంత దూరం పోతుందో శ్రీగంధం చూపించింది. మైసూరు రాజ్యంలో టిప్పు కాలం నుంచి గంధపు చెట్టు ఏలికల సొత్తు. సొంత భూమిలో మొలిచినా అది రైతుది కాదు, కాపలా బాధ్యత మాత్రం రైతుదే. అలాంటి మొక్క కనిపిస్తే తెలివైన రైతు ఏం చేస్తాడు? ఎవరూ చూడక ముందే పీకేస్తాడు. 2001లో కర్ణాటక, 2002లో తమిళనాడు చట్టాలు మార్చి, భూమి యజమానికే చెట్టు మీద హక్కు ఇచ్చాయి. ఆ తర్వాతే శ్రీగంధం తోటలు పెరిగాయి, ఆ గాలి అనంతపురం, మహబూబ్‌నగర్ దాకా వచ్చింది. రాయితీ ఒక్క రూపాయి పెంచకుండా, 'ఇది నీదే' అన్న ఒక్క మాటతో వచ్చిన మార్పు అది.

నియమాలు ఎంచుకున్న చెట్టు

1988 జాతీయ అటవీ విధానం ఒక పెద్ద మలుపు. అడవుల నుంచి పరిశ్రమలకు చవకగా ముడిసరుకు ఇచ్చే పద్ధతి ఆగాలనీ, కావలసిన కలపను రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని పండించుకోవాలనీ అది చెప్పింది. అప్పటిదాకా అడవి వెదురు మీద బతికిన కాగితపు మిల్లులు పొలాల వైపు తిరిగాయి. భద్రాచలం పక్కన సారపాకలో ఉన్న కాగితపు మిల్లు 1989లో జామాయిల్ మీద పరిశోధన మొదలుపెట్టి, 1990ల తొలి ఏళ్లలో క్లోన్ మొక్కలను, అంటే ఒక మేలైన చెట్టు కొమ్మల నుంచి పెంచిన అచ్చు నకళ్లను రైతులకు ఇవ్వడం మొదలుపెట్టింది. విత్తనం మొక్కలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా పెరిగేవి. క్లోన్లు గీత గీసినట్టు ఒకే తీరున పెరిగాయి. ఇప్పటికీ ఖమ్మం వైపు రైతులు వరి రకాల పేర్లు చెప్పినంత తేలికగా 413, 526 అని క్లోన్ నంబర్లు చెబుతారు. రాజమండ్రి మిల్లు సరుగుడును ముందుకు తెచ్చింది. కృష్ణా, గుంటూరు, ప్రకాశం మెట్ట పొలాల్లో సుబాబుల్ పాకింది.

సుబాబుల్, జామాయిల్, సరుగుడు. ఈ మూడే ఎందుకు గెలిచాయి? త్వరగా పెరుగుతాయి, మిల్లుకు కావాలి, నిజమే. దాంతోపాటు ఇవి రవాణా అనుమతుల నుంచి మినహాయింపు పొందిన జాతుల్లో ఉన్నాయి. టేకుకు ఆఫీసు చుట్టూ తిరగాలి, సుబాబుల్‌కు లారీ వస్తే చాలు. వేప, కానుగ, తెల్లమద్ది, ఏగిస లాంటి మన మట్టి చెట్లు భూమికి ఎంత మంచివైనా ఆ పోటీలో వెనకబడ్డాయి. ఏ చెట్టు పెరగాలో నేల కంటే, వాన కంటే ముందు నిబంధనల జాబితా తేల్చేసింది. కాగితాలు అక్కర్లేని చెట్టు కాగితపు మిల్లు చెట్టే అయింది.

ఇంకో కారణం పల్లెల్లో అందరికీ తెలుసు కానీ నివేదికల్లో తక్కువగా కనిపిస్తుంది. కూలీలు దొరకరు, పత్తికి మందు కొట్టి కొట్టి విసుగెత్తింది, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు. కౌలుకిస్తే గొడవలు, బీడు పెడితే మాటలు. సుబాబుల్ వేస్తే నాలుగేళ్లు అటు చూడక్కర్లేదు, నరికాక మోడు నుంచి మళ్లీ పిలకలు వస్తాయి. ఊళ్లో లేని యజమానికి ఇంతకంటే అనువైన పంట లేదు. ఆ పొలంలో అంతకుముందు కలుపు తీసిన ఆడకూలీలకూ, కౌలు చేసిన రైతుకూ అది ఎంత అనువైనదో ఎవరూ లెక్కగట్టలేదు.

ఇక ధర. తొక్క తీసిన సుబాబుల్ కర్ర టన్నుకు 4,200 రూపాయలు, జామాయిల్‌కు 4,400 అని ఉమ్మడి రాష్ట్రం విడిపోయిన రోజుల్లో ప్రభుత్వం ధర కట్టింది. కొనుగోళ్లు మార్కెట్ కమిటీల ద్వారా జరగాలంది. కాగితం మీద చక్కటి ఏర్పాటే. కానీ కర్ర స్వభావం వేరు. నరికిన రోజు నుంచి ఎండుతుంది, ఎండేకొద్దీ బరువు తగ్గుతుంది. కాటా దగ్గర మూడు రోజులు లారీ ఆగితే ఆ మూడు రోజుల తరుగు రైతుదే. వడ్లయితే గాదెలో పోసుకుని ఆగవచ్చు, కర్రతో అలా కుదరదు. పైగా చుట్టుపక్కల కొనేది ఒకటి రెండు మిల్లులు, వాటి మధ్య దళారులు. 2020 ప్రాంతానికి కట్టిన ధరలో సగం కూడా చేతికి రాని రోజులు వచ్చాయి. చాలామంది జేసీబీ పెట్టి మోడులు పెకలించి మళ్లీ మిరప వేశారు. మోడు పెకలించడానికి ఎకరానికి అయ్యే ఖర్చు ఏ పథకంలోనూ ఉండదు.

ఇది మనకే జరిగిన ముచ్చట కాదు. 1980ల్లో సామాజిక అడవుల పేరుతో ఉత్తరాదిలో రైతులు ఎగబడి జామాయిల్ వేశారు, కోతలన్నీ ఒకేసారి వచ్చి ధర కూలింది. దానికి భిన్నంగా పంజాబ్, హర్యానా, పడమటి ఉత్తరప్రదేశ్‌లలో పోప్లార్ అనే కలప చెట్టు నిలదొక్కుకుంది. 1984లో ఒక అగ్గిపెట్టెల కంపెనీ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు రుణ సాయంతో, మొక్కలూ సలహా ఇచ్చి తిరిగి కొనే హామీ కూడా ఇచ్చింది. తర్వాత యమునానగర్ చుట్టూ వందలాది ప్లైవుడ్ యూనిట్లు లేచాయి. ఒక మిల్లు కొనకపోతే పక్క మిల్లు ఉంది. పోప్లార్‌కూ ధర పడిన ఏళ్లు ఉన్నాయి, కానీ మండి ఉంది కాబట్టి చెట్టు మిగిలింది. గోధుమ చేలో వరసలుగా నిలబడే ఆ చెట్టుకు శీతాకాలంలో ఆకు రాలిపోతుంది, కింద పైరుకు ఎండ తగులుతుంది. అగ్రోఫారెస్ట్రీ అనే మాటకు అది సరిగ్గా సరిపోతుంది. ఎకరమంతా కిక్కిరిసి నాటిన సుబాబుల్ కింద రెండో ఏడు దాటితే గడ్డి కూడా సరిగా మొలవదు. రెండూ ప్రభుత్వ లెక్కల్లో 'అడవి బయటి చెట్లే'.

2014 తర్వాత

2014 ఫిబ్రవరిలో ఢిల్లీలో ప్రపంచ అగ్రోఫారెస్ట్రీ మహాసభ జరిగింది. ఆ సందర్భంగా భారతదేశం జాతీయ అగ్రోఫారెస్ట్రీ విధానం ప్రకటించింది. ఇలాంటి విధానం ప్రకటించిన తొలి దేశం మనదే. ఆ పత్రం నిజాయితీగా ఉంది. దేశంలో ప్లైవుడ్‌కు వాడే కలపలో 70 నుంచి 80 శాతం, కాగితపు గుజ్జు ముడిసరుకులో 60 శాతం, చిన్నరకం కలపలో మూడింట రెండొంతులు, వంటచెరకులో దాదాపు సగం పొలం చెట్ల నుంచే వస్తున్నాయని ఒప్పుకుంది. ఇంత ఇస్తున్న రైతుకు అడ్డొస్తున్నవి ఏమిటో కూడా చెప్పింది: కోత, రవాణా నిబంధనలు, మంచి మొక్క దొరకకపోవడం, రుణం, బీమా, మార్కెట్ లేకపోవడం. వ్యవసాయ శాఖకు చెట్టు పంట కాదు, అటవీ శాఖకు పొలం అడవి కాదు. చెట్టు రెండు శాఖల మధ్య గట్టు మీద నిలబడిపోయిందన్నది ఆ పత్రం సారాంశం.

దాని వెంట 2016-17లో అగ్రోఫారెస్ట్రీ సబ్ మిషన్ అనే కేంద్ర పథకం వచ్చింది. 'హర్ మేడ్ పర్ పేడ్', అంటే ప్రతి గట్టు మీదా చెట్టు అన్నది నినాదం. కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించాలి, ఈశాన్య, కొండ రాష్ట్రాలకు 90:10. రైతుకు సాయం నాలుగేళ్లలో 40, 20, 20, 20 శాతం చొప్పున. మొక్క బతికితేనే మిగతా వాయిదాలు అన్నది అందులోని తెలివి. నాకు ఇంకా నచ్చింది వేరే షరతు: కొన్ని జాతుల రవాణాకైనా నిబంధనలు సడలించిన రాష్ట్రాలకే డబ్బు. ముందు దారి తెరువు, ఆ తర్వాత మొక్క పట్టుకెళ్లు అన్నమాట. అగ్రోఫారెస్ట్రీ విషయంలో ఢిల్లీ వేసిన ఎత్తుల్లో ఇదే పదునైనది. పథకానికి ఇచ్చిన డబ్బు మాత్రం చిన్నది. తర్వాత దాన్ని రాష్ట్రీయ కృషి వికాస్ యోజనలో కలిపి, నాణ్యమైన మొక్కల నర్సరీల వైపు మళ్లించారు. 2024 జనవరిలో నర్సరీల గుర్తింపుకు నియమావళి కూడా వచ్చింది. ఊరికే తీసిపారేయాల్సిన మార్పు కాదు. కలప చెట్టు నాసిరకమని తెలిసేసరికి ఆరేళ్లు గడిచిపోతాయి, మిరప నారులా మరుసటి ఏడు మార్చుకునే వీలుండదు.

నిబంధనల సడలింపులో అన్నిటికంటే సూటిగా జరిగింది వెదురు విషయంలో. వెదురు నిజానికి గడ్డి జాతి. 1927 చట్టం దాన్ని చెట్టు అంది, తొంభై ఏళ్లు అది చెట్టుగానే ఉంది. 2017 నవంబరులో ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత చట్టం చేసి, చెట్టు నిర్వచనంలోంచి వెదురు మాట తీసేశారు. అడవి బయట పండించిన వెదురుకు కేంద్ర చట్టం కింద కోత, రవాణా అనుమతి అక్కర్లేకుండా పోయింది. 2018-19లో జాతీయ వెదురు మిషన్‌ను కొత్తగా రూపుదిద్దారు. అయినా మన మైదానాల్లో వెదురు తోటలు వెల్లువెత్తలేదు. తలుపు తీశారు సరే, అవతల కొనేవాడేడీ అన్న ప్రశ్న అలాగే ఉంది.

కలప రవాణాకు 2020లో మధ్యప్రదేశ్, తెలంగాణల్లో ప్రయోగంగా మొదలైన ఆన్‌లైన్ పర్మిట్ విధానాన్ని 2023 డిసెంబరులో దేశమంతటికీ తెచ్చారు. ఒకే పర్మిట్‌తో రాష్ట్రాల సరిహద్దులు దాటవచ్చు. మినహాయింపు ఉన్న జాతులకు రైతే ఫోన్‌లో నిరభ్యంతర పత్రం తీసుకోవచ్చు. దీనికి పైమెట్టుగా 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ, వ్యవసాయ భూముల్లో చెట్ల కోతకు నమూనా నియమాలు రాష్ట్రాలకు పంపింది. పొలాన్నీ, జాతినీ, మొక్కల సంఖ్యనూ, నాటిన తేదీనీ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పది చెట్ల లోపు కోతకు ఫొటోలు ఎక్కిస్తే పత్రం దానంతటదే వస్తుంది. పది దాటితే గుర్తింపు పొందిన ఏజెన్సీ వచ్చి చూసి వెళుతుంది. ఇందులో అసలు సంగతి తేలికపరచడం కాదు, రుజువు ఎప్పుడు ఇవ్వాలన్నది మారడం. ఇన్నాళ్లూ నరికేటప్పుడు 'ఇది నాదే' అని నిరూపించుకోవాలి. ఇకపై నాటినప్పుడే చెప్పుకుని పెట్టుకోవచ్చు. నమూనా నియమం చట్టం కాదు, రాష్ట్రం తనదిగా చేసుకుంటేనే ఊళ్లో చెల్లుతుంది. అటవీ పన్నులు, ఫీజులు, అధికారాలు ముడిపడి ఉన్న చోట ఆ పని ఎంత చురుగ్గా సాగుతుందో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు.

అసలు డబ్బు ఎక్కడుంది

అగ్రోఫారెస్ట్రీ అన్న పేరు పెట్టుకోని పథకాల్లోనే పెద్ద డబ్బు ఉంది. 2005 ఉపాధి హామీ చట్టం కింద ఎస్సీ, ఎస్టీ, చిన్న, సన్నకారు రైతుల సొంత పొలాల్లో మామిడి, జీడి, సపోటా, గట్ల మీద టేకు వేయించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది పెద్ద ఎత్తున సాగింది. గుంత తవ్వడం దగ్గర నుంచి మూడేళ్లు నీళ్లు పోయడం దాకా కూలి లెక్కలో పడేది. మెట్ట రైతుకు మొక్క ధర ఎప్పుడూ అడ్డంకి కాదు, మొదటి మూడు వేసవులు అడ్డంకి. దాన్ని గుర్తించి డబ్బు పెట్టిన కార్యక్రమం ఇదొక్కటే అని నా లెక్క. తెలంగాణ 2015 జులైలో మొదలుపెట్టిన హరితహారం దీనికి పక్కన నిలబడే పెద్ద ప్రయత్నం. 230 కోట్ల మొక్కల లక్ష్యం, ఊరూరా నర్సరీ, మొక్క బతక్కపోతే పంచాయతీని నిలదీసే 2018 పంచాయతీరాజ్ చట్టం. రోడ్లు, గుట్టలు, బడులు పచ్చబడ్డాయి. రైతు పొలం అందులో ముఖ్యపాత్ర కాలేదు.

గిరిజన ప్రాంతాల్లో నాబార్డు 'వాడి' పద్ధతి ఉంది. గుజరాత్‌లో 1980ల్లో పుట్టిన నమూనా. ఎకరంలో పండ్ల మొక్కలు, వాటి మధ్య చిరుధాన్యమో కందో, చుట్టూ కలప, వంటచెరకు చెట్ల కంచె. పండు నాలుగేళ్లకు, మధ్య పంట ఏటా, కంచె అవసరానికి. దీని కంటే పాతది, అందమైనది పాడేరు, అరకు కాఫీ. పైన సిల్వర్ ఓక్ నీడ, దాని మానుకు పాకిన మిరియం తీగ, కింద కాఫీ. ఒకే చోట మూడు అంతస్తుల సాగు. కాఫీ బోర్డు, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, గిరిజన సహకార సంస్థ కలిసి దశాబ్దాల తరబడి నడిపించాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడే, చెట్లు పీల్చుకునే కార్బన్‌కు లెక్కగట్టి డబ్బు పెట్టే, ఫ్రాన్స్ కేంద్రంగా నడిచే కార్బన్ నిధి ఒకటి నాంది ఫౌండేషన్‌తో కలిసి 60 లక్షల మొక్కలు నాటించింది. కార్బన్ డబ్బు మాట ఇప్పుడు మైదానాల్లోనూ వినిపిస్తోంది. ఎకరానికి వేలు వస్తాయని తిరిగే ఏజెంట్లను చూస్తే మాత్రం భయమేస్తుంది. అరకులో అది పనిచేసింది వేలమంది రైతులు ఒక గొడుగు కింద ఉండటం వల్ల. కొలత, తనిఖీ ఖర్చులు రెండెకరాల రైతు ఒక్కడే మోయలేడు.

ఇక ఆయిల్‌పామ్. ఇది అగ్రోఫారెస్ట్రీ కాదని కొందరు కొట్టిపారేస్తారు. పశ్చిమగోదావరి, ఏలూరు వైపు ఆ చెట్ల నీడన కోకో కాస్తున్న రైతును అడిగితే వేరే మాట చెబుతాడు. నేను దాన్ని పోలిక కోసం తెస్తున్నాను. 1993లోనే ఆంధ్రప్రదేశ్ ఆయిల్‌పామ్ చట్టం చేసింది: ప్రతి ఫ్యాక్టరీకి కొన్ని మండలాలు, ఆ పరిధిలో పండిన గెలలు కొనాల్సిన బాధ్యత ఫ్యాక్టరీది. 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో జాతీయ మిషన్ ప్రకటించి, మొక్కల సాయాన్ని హెక్టారుకు 12,000 నుంచి 29,000 రూపాయలకు పెంచింది. అన్నిటికంటే ముఖ్యం, ముడి నూనె ధర పడిపోతే గెల ధరలో తేడాను ప్రభుత్వం భరించే ఏర్పాటు పెట్టింది. కొనేవాడు, ధర, నష్టం పంచుకునేవాడు, ముగ్గురూ మొక్కతో పాటే వచ్చారు. దిగుమతి నూనె భారం ఉంది కాబట్టి అంత చేశారు. సుబాబుల్ రైతు వెనక అలాంటి జాతీయ అవసరం లేదు కాబట్టి అతనికి మార్కెట్ కమిటీ రసీదు మిగిలింది.

పన్ను సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను, ఎందుకంటే టేకు అమ్మిన ఏడాది బ్యాంకు ఖాతా చూసుకుని చాలామంది కంగారు పడతారు. దున్ని, నాటి, నీళ్లు పోసి పెంచిన చెట్టు ఆదాయం వ్యవసాయ ఆదాయమే. తనంతట తాను మొలిచిన చెట్టుది కాదు. 1957లో సుప్రీంకోర్టు చెప్పిన తేడా ఇది. కాబట్టి నాటినట్టు ఆధారం ఉండటం ఇక్కడ కూడా పనికొస్తుంది.

ఎర్రచందనం ఈ కథలో అటు చివర నిలబడుతుంది. శేషాచలం చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు. పొలంలో వేసుకోవచ్చు, పెరిగాక అమ్మడం మాత్రం అనుమతుల మీద అనుమతి. అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు నిఘా దాని మీద ఉంది. 2004 నుంచి మన దేశం మీద ఉన్న ప్రత్యేక సమీక్షను 2023 నవంబరులో ఎత్తేయడంతో తోటల్లో పెంచిన చందనానికి దారి కొంత సుగమమైంది. 'ఎకరానికి కోట్లు' అని మొక్కలమ్మే నర్సరీ బోర్డు మీద ఈ రెండు వాక్యాలు ఉండవు.

అన్ని పథకాల్లోనూ కనిపించని మనిషి కౌలు రైతు. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద యజమాని ఒప్పుకుంటే వచ్చే కార్డు గడువు 11 నెలలు. సుబాబుల్ తొలి కోతకు నాలుగేళ్లు, టేకుకు రెండు దశాబ్దాలు పైనే. పైగా చెట్టు నాటడం అంటే భూమి మీద హక్కు కోరడమే అని యజమాని భయం. మా ఊరి చుట్టుపక్కల సేద్యం చేసేది ఎక్కువగా కౌలు రైతులే, వాళ్లలో ఒక్కరు కూడా గట్టు మీద మునగ కొమ్మైనా గుచ్చరు. 2022 కేంద్ర బడ్జెట్‌లో అగ్రోఫారెస్ట్రీ చేపట్టే ఎస్సీ, ఎస్టీ రైతులకు ఆర్థిక సాయం అన్నారు. ఆ వర్గాల్లో కౌలు మీద బతికేవాళ్లూ ఉన్నారు. పట్టా లేని చేతికి మొక్క ఎలా ఇస్తారో అన్న ప్రశ్న అక్కడే ఆగింది.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు నమూనా నియమాల సంగతి మామయ్యకు చెప్పాను. మిగిలిన ఇరవై ఒక్క టేకులకు తోడు తూర్పు గట్టున కొత్తగా మలబారు వేప వేశాడు, మోకాలెత్తు ఉన్నాయి. అంతా విని, "పది చెట్లకు ఫొటో చాలంటావు. మరి పదకొండోది ఏం పాపం చేసిందిరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "మన రాష్ట్రంలో అమల్లోకి వస్తే అప్పుడు చూద్దాంలే మామయ్యా" అన్నాను. ఆయన ఆగలేదు. లోపలికెళ్లి ఆ రోజు పేపరు తెచ్చి, తేదీ కనపడేలా మడిచి పట్టుకుని, వరసలో మొదటి మొక్క పక్కన నిలబడ్డాడు. "సర్వే రాయి కూడా పడేట్టు తియ్యి" అన్నాడు.